పాపకి ఇస్తున్న నూనె సంగతి ఎవరికీ చెప్పలేదు

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఆరు పేజీలు రాశారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతాను.

ఆవిడ కూతురికి ఏడేళ్ళు, బరువు 20 కిలోలు. మూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అని డాక్టర్లు తేల్చారు. మందులకు ఓ పట్టాన లొంగని మూర్ఛ అది. పాప నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మొదలు నరికినట్టు కూలిపోతుంది. అందుకని ఇంట్లో కూడా గులాబీ రంగు హెల్మెట్ పెట్టే ఉంచుతారు. ఇప్పుడు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ వాడుతున్నారు. అయినా రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు పడిపోతోంది. న్యూరాలజిస్టు ఎపిడియోలెక్స్ అనే మందు రాశారు. "ముందు ఇంకా వేరే మందులు వాడి చూడాలి" అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని తిరస్కరించింది.

ఆ తిరస్కరణ ఉత్తరం చేతికి వచ్చిన సాయంత్రమే ఆవిడ ఇంటి దగ్గరి వేప్ షాపుకి వెళ్ళి సీబీడీ (గంజాయి జాతి మొక్కలో ఉండే, మత్తునివ్వని పదార్థం) నూనె సీసా కొన్నారు. లేబుల్ మీద 30 మి.లీ., 1000 మి.గ్రా. అని ఉంది. మూడు వారాలుగా పొద్దున అర డ్రాపరు, రాత్రి అర డ్రాపరు పెరుగులో కలిపి పెడుతున్నారు. సీసా చింతపండు డబ్బా వెనకాల ఉంది. భర్తకి తెలీదు, డాక్టరుకి తెలీదు. "పడిపోవడం రోజుకి ఐదారుసార్లకి తగ్గింది. కానీ క్లాసులో నిద్రపోతోందని టీచర్ మెయిల్ పెట్టింది. ఫిట్స్ డైరీలో అన్నీ రాస్తాను, ఆ నూనె సంగతి తప్ప" అని రాశారు.

భర్తది హెచ్-1బీ ఉద్యోగ వీసా. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ పెట్టే ఐ-140 అర్జీ అయిపోయింది, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నారు. ఈవిడ భార్యగా వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నారు. పాప టెక్సస్‌లోనే పుట్టింది. తెనాలి నుంచి వచ్చి ఉంటున్న అత్తగారు ఎవరి నోటో సీబీడీ మాట విని "పసిపిల్లకి గంజాయి పెడతారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. డెన్వర్‌లో ఉన్న ఫ్రెండు మాత్రం, ఆ మొక్కలోనే ఉండే మత్తుపదార్థం టీహెచ్‌సీ కూడా కలిసిన మంచి నూనె తెచ్చిస్తానంటోంది. టెక్సస్‌లోనే గంజాయి మందు ఇచ్చే ప్రభుత్వ ప్రోగ్రాం ఒకటి ఉందని ఎవరో చెప్తే చూశారు. అందులో "పర్మనెంట్ రెసిడెంట్" అన్న మాట కనిపించి అక్కడితో ఆగిపోయారు. వచ్చే నెల మరిది పెళ్ళికి తెనాలి ప్రయాణం. "నేను చేస్తున్నది నేరమా? ఆపేయాలా? ప్రోగ్రాంలో చేరితే మా గ్రీన్ కార్డ్ పోతుందా? సీసా ఇండియాకి తీసుకెళ్ళొచ్చా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

మా తమ్ముడికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. వాడు పడిపోగానే మా అమ్మ పరుగెత్తుకెళ్ళి బీరువా తాళాలగుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో పెట్టి గట్టిగా మూసేది. ఇనుము పట్టిస్తే ఆగుతుందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఆగదని ఇప్పుడు మనకు తెలుసు. బిడ్డ కళ్ళముందు కొట్టుకుంటుంటే తల్లి చెయ్యి ఏదో ఒకదాన్ని అందుకుంటుంది. మీ చేతికి ఆ సీసా అందింది. అందుకు మిమ్మల్ని నేను తప్పుపట్టను. తర్వాత నేను చాలా ఏళ్ళు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. నిజం డాక్టరుకి చెప్పడానికి భయపడి మా కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగిన తల్లుల్ని చాలామందిని చూశాను.

మీ నాలుగు ప్రశ్నల్లోకి వెళ్ళేముందు ఒక మాట. మీ ఉత్తరంలో "ఆ నూనె" అని ఒకే పేరుతో నాలుగు వేరువేరు సీసాల గురించి రాశారు. న్యూరాలజిస్టు రాసిన మందు సీసా ఒకటి, షాపులో కొన్నది ఒకటి, టెక్సస్ ప్రోగ్రాంలో దొరికేది ఒకటి, డెన్వర్ నుంచి రాబోయేది ఒకటి. మొక్క ఒకటే కావచ్చు. కానీ ఏ సీసాలో ఏముంది, దాన్ని చట్టం ఎలా చూస్తుంది, మీ వీసాకి దానివల్ల ఏమవుతుంది అన్నవి నాలుగింటికీ నాలుగు రకాలు. వాటిని కలిపేసి చూడటంవల్లే మీకు అంతా భయంగా కనిపిస్తోంది.

అన్నిటికంటే ముందు చింతపండు డబ్బా వెనకాల ఉన్న సీసా. చట్టం దగ్గర దానికి పెద్ద ఇబ్బంది లేదు. డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి జాతి మొక్కని, అంటే హెంప్‌ని, 2018 డిసెంబరులో ఫెడరల్ వ్యవసాయ చట్టం (ఫార్మ్ బిల్లు) గంజాయి నిర్వచనం నుంచి తీసేసింది. 2019లో టెక్సస్ కూడా అదే హద్దుతో చట్టం చేసింది. సీసాలో ఉన్నది నిజంగా లేబుల్ మీద రాసినదే అయితే, దాన్ని కొనడం నేరం కాదు. నా భయం చట్టం గురించి కాదు, పాప నిద్ర గురించి.

లెక్క చూడండి. 30 మి.లీ.లో 1000 మి.గ్రా. అంటే మి.లీ.కి 33 మి.గ్రా. మీరు రోజుకి ఒక మి.లీ. ఇస్తున్నారు, అంటే 33 మి.గ్రా. ఎపిడియోలెక్స్‌తో ఇదే జబ్బుకి వైద్యం మొదలుపెట్టేటప్పుడు కిలోకి రోజుకి 5 మి.గ్రా. ఇస్తారు. మీ పాప బరువుకి అది 100 మి.గ్రా. వారం తర్వాత మామూలుగా 200కి పెంచుతారు, అవసరమైతే 400 దాకా వెళ్తారు. అంటే మీరిస్తున్నది మొదటి మోతాదులో మూడో వంతు. అంత కొంచెంతో క్లాసులో నిద్రపోయేంత మత్తు వస్తోందంటే నాకు మూడు అనుమానాలు. నిద్రకి వేరే కారణం ఏదైనా ఉండొచ్చు. క్లోబజామ్ వల్ల కావచ్చు. లేదా సీసాలో లేబుల్ చెప్పనిది ఏదో ఉండొచ్చు.

క్లోబజామ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. క్లోబజామ్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది. ఆ పదార్థం కూడా ఫిట్స్‌ని ఆపుతుంది, నిద్ర కూడా తెప్పిస్తుంది. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపే దారికి సీబీడీ అడ్డం పడుతుంది. దాంతో మీరు క్లోబజామ్ చుక్క కూడా పెంచకపోయినా పెంచినట్టే అవుతుంది. పడిపోవడం తగ్గింది, నిద్ర పెరిగింది అని రాశారే, ఆ రెండూ ఇక్కడినుంచే వచ్చి ఉండొచ్చు. ఇక వాల్‌ప్రోయేట్, సీబీడీ కలిస్తే కాలేయం ఎంజైములు పెరిగే అవకాశం ఎక్కువ. అందుకే ఎపిడియోలెక్స్ మొదలుపెట్టేముందు, తర్వాత కూడా రక్తపరీక్ష చేస్తారు. మీ పాప ఈ రెండు మందులూ వాడుతోంది. రక్తపరీక్ష చెయ్యాలని ఎవరికీ తెలీదు, ఎందుకంటే నూనె సంగతే ఎవరికీ తెలీదు.

లేబుల్ సంగతికొస్తే, ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకుల్ని పరీక్షించి 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. లేబుల్ సరిగ్గా ఉన్నవి 31 శాతమే. చాలావాటిలో రాసినదానికంటే ఎక్కువ ఉంది, కొన్నిటిలో తక్కువ ఉంది. 18 వాటిలో టీహెచ్‌సీ కనిపించింది. పెద్దవాళ్ళకి అది ఒక రకం. హెల్మెట్ పెట్టుకు తిరిగే ఏడేళ్ళ పాపకి వేరు.

కాబట్టి రేపు పొద్దున క్లినిక్ తెరవగానే న్యూరాలజీ నర్సుకి ఫోన్ చెయ్యండి. ఏ రోజున మొదలుపెట్టారో, ఎంత ఇస్తున్నారో, లేబుల్ మీద ఏముందో చెప్పండి. నిద్ర సంగతి, టీచర్ మెయిల్ సంగతి చెప్పండి. సీసా ఫొటో తీసి పేషెంట్ పోర్టల్లో పెట్టండి. నూనె వెంటనే మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్ళు చెప్తారు. మీ అంతట మీరు క్లోబజామ్ గానీ వాల్‌ప్రోయేట్ గానీ ఒక్క పూట కూడా తగ్గించొద్దు. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఈలోగా పాపని ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా ఇంకేం ఆలోచించకుండా 911కి చేయండి. మామూలు సందేహాలకి పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 రాత్రీ పగలూ పలుకుతుంది.

డాక్టరు తిడతారని, పిల్లల రక్షణ శాఖకి చెప్పేస్తారని భయపడుతున్నట్టు రాశారు. ఫిట్స్ డాక్టర్లకి ఇది కొత్త కాదు. షాపు నూనె వాడి చూశామని చెప్పే తల్లిదండ్రులు వాళ్ళకి తరచుగా కనిపిస్తారు. చట్టబద్ధంగా అమ్మేదాన్ని కొని, నిద్ర ఎక్కువవుతోందని గమనించి, మీ అంతట మీరే ఫోన్ చేసి చెప్పిన తల్లిగా కనిపించడం ఒకటి. రేపు ఎమర్జెన్సీలో రక్తపరీక్షలో బయటపడటం ఇంకొకటి.

ఇక న్యూరాలజిస్టు రాసిన సీసా. ఎపిడియోలెక్స్ కూడా గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీయే. 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మీ పాప జబ్బుకి, డ్రావే సిండ్రోమ్ అనే ఇంకో మొండి మూర్ఛకి ఆమోదించింది. లెనాక్స్-గాస్టో ఉన్న 225 మంది మీద చేసిన పరీక్షలో, కూలిపోయే రకం ఫిట్స్ కిలోకి 20 మి.గ్రా. వాడినవాళ్ళలో 42 శాతం, 10 మి.గ్రా. వాడినవాళ్ళలో 37 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలో కూడా 17 శాతం తగ్గాయి. ఈ చివరి అంకెని గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బులో మంచి వారాలు, చెడ్డ వారాలు వాటంతటవే వస్తుంటాయి. మూడు వారాల్లో తొమ్మిది ఆరు కావడం చూసి నూనెకే పేరు ఇచ్చెయ్యలేం. అలాగని కాదనీ చెప్పలేం.

2020 నుంచి ఈ మందు ఫెడరల్ నియంత్రిత పదార్థాల జాబితాలో కూడా లేదు. మీ వీసాకి, మీవారి గ్రీన్ కార్డుకి దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. యాంటీబయాటిక్ ఎలాగో ఇదీ అలాగే. నాలుగు సీసాల్లో మీ ఇంటి పరిస్థితికి అన్ని వైపులా అతికేది ఇదొక్కటే. అందుకే ఇన్సూరెన్స్ వాళ్ళు కాదన్న ఉత్తరాన్ని చివరి మాట అనుకోవద్దని నా మనవి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పాపకి నాలుగేళ్ళప్పుడు మీరు ఎనిమిది నెలలు హైదరాబాద్‌లో ఉన్నారని, అక్కడ లెవెటిరాసెటమ్ వాడితే పాప కొరకడం, కొట్టడం మొదలుపెట్టిందని, తర్వాత టోపిరామేట్ వాడితే అన్నం ముట్టలేదని రాశారు. ఆ రెండు మందులూ అమెరికా రికార్డుల్లో ఉన్నాయా? నాకైతే లేవనే అనిపిస్తోంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి కనబడేది రెండు మందులే, మీ పాప వాడింది నాలుగు. హైదరాబాద్ ఆసుపత్రిలో డిశ్చార్జ్ సమ్మరీ, ఓపీ చీటీలు, మందుల బిల్లులు ఏవి దొరికితే అవి మీ అమ్మగారి చేత వాట్సాప్‌లో తెప్పించండి. చేతిరాత చీటీ అయినా పనికొస్తుంది. వాటిని న్యూరాలజిస్టుకిచ్చి, ఆ మందులు ఎందుకు ఆపాల్సొచ్చిందో రాస్తూ "ఈ పాపకి ఈ మందు ఎందుకు తప్పనిసరి" అన్న ఉత్తరం కొత్తగా రాయించండి. ఫారంలో జబ్బు పేరు ఊరికే మూర్ఛ అని కాకుండా లెనాక్స్-గాస్టో అనే ఉందో లేదో, కోడ్ జీ-40.81తో మొదలవుతోందో లేదో కూడా అడిగి చూసుకోండి. ఆ చిన్న పొరపాటుకే కాగితాలు వెనక్కొచ్చిన సందర్భాలు నా కిటికీ దగ్గర చూశాను.

అప్పీలుకి మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. అక్కడా కాదంటే, చివరి తిరస్కరణ అందాక నాలుగు నెలల్లోపు బయటి సమీక్ష కోరొచ్చు. దాన్ని చూసేది ఇన్సూరెన్స్ ఉద్యోగులు కాదు, వాళ్ళకి సంబంధం లేని వైద్యులు. వాళ్ళు ఇవ్వమంటే కంపెనీ ఇచ్చి తీరాలి. పాప తలకి దెబ్బలు తగులుతున్నాయి కాబట్టి ఇది అర్జెంటు అని డాక్టరు రాస్తే 72 గంటల్లో తేల్చాలి. నుదుటిమీద కుట్లు పడ్డాయని రాశారుగా, ఆ ఎమర్జెన్సీ కాగితాలు కూడా జతచేయండి. మీవారి కంపెనీ ప్లాన్ "సెల్ఫ్-ఫండెడ్" అయితే డబ్బు పెట్టేది కంపెనీయే, అప్పుడు హెచ్ఆర్‌లో బెనిఫిట్స్ చూసేవాళ్ళతో మాట్లాడితే ఒక్కోసారి పని త్వరగా అవుతుంది. మందు తయారుచేసే జాజ్ ఫార్మాస్యూటికల్స్‌కి కూడా పేషెంట్లకి సాయపడే విభాగం ఉంది, క్లినిక్ వాళ్ళని అడిగితే ఫారం ఇస్తారు. ఇదంతా విసుగు పుట్టించే పని, నాకు తెలుసు. గంటలకొద్దీ ఫోన్లో పాట వింటూ కూర్చోవాలి. ఇంకోమాట, ఆ మందులో నువ్వుల నూనె ఉంటుంది. పాపకి నువ్వులు పడకపోతే ముందే చెప్పండి.

ఎపిడియోలెక్స్ అందరికీ పనిచెయ్యదు. అది కుదరకపోయినా దారులు మూసుకుపోవు. ఫెన్‌ఫ్లూరమిన్‌ని 2022లో ఇదే జబ్బుకి ఆమోదించారు. రూఫినమైడ్ ఉంది, కీటోజెనిక్ డైట్ ఉంది. అన్నం లేని భోజనం మన ఇళ్ళల్లో ఎంత కష్టమో చెప్పక్కర్లేదు గానీ, కొంతమంది పిల్లలకి బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు టెక్సస్ ప్రోగ్రాం. దాని పేరు కంపాషనేట్ యూజ్ ప్రోగ్రాం. 2015లో చట్టం వచ్చినప్పుడు అది మీ పాపలాంటి పిల్లల కోసమే, అంటే మందులకు లొంగని మూర్ఛ కోసమే వచ్చింది. టీహెచ్‌సీ 0.5 శాతం దాటకూడదన్నారు. 2019లో ఆటిజం, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటివి చేర్చారు. 2021లో హద్దు ఒక శాతానికి పెంచి అన్ని రకాల క్యాన్సర్లనీ, పెద్ద దెబ్బ తిన్న మనసుకి వచ్చే పీటీఎస్‌డీనీ కలిపారు. 2025లో శాతం లెక్క మాని డోసుకి 10 మి.గ్రా. టీహెచ్‌సీ అన్నారు, దీర్ఘకాలపు నొప్పిని కూడా చేర్చారు. మీరు చూసి ఆగిపోయిన "పర్మనెంట్ రెసిడెంట్" అన్న మాటకి గ్రీన్ కార్డ్ అని అర్థం కాదమ్మా. టెక్సస్‌లో స్థిరంగా నివాసం ఉండాలని అంతే. పైగా పేషెంటు మీ పాప, తను పుట్టుకతో అమెరికా పౌరురాలు. వయసు హద్దు లేదు, చిన్నపిల్లలైతే తల్లో తండ్రో గార్డియన్‌గా ఉంటారు. కార్డులేం ఇవ్వరు. రాష్ట్రం దగ్గర నమోదైన డాక్టరు కంప్యూటర్ రిజిస్ట్రీలో చీటీ ఎక్కిస్తారు. మీరు ఆ మందు అమ్మే లైసెన్సున్న దుకాణానికి (డిస్పెన్సరీకి) వెళ్ళి పాప ఇంటిపేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి ఐదు అంకెలు చెప్తే ఇస్తారు. ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు.

అంటే పాపకి తలుపు తెరిచే ఉంది. చిక్కు మీ ఇద్దరికి. 0.3 శాతం దాటిన టీహెచ్‌సీ ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయే. ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్. టెక్సస్ ఔనన్నదాన్ని వాళ్ళు ఔననక్కర్లేదు. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే, కేసూ శిక్షా లేకపోయినా గ్రీన్ కార్డుకి అడ్డం రావచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ పౌరసత్వం గురించి మార్గదర్శకాలిస్తూ, రాష్ట్రం అనుమతించినా సరే గంజాయికి సంబంధించిన పని సత్ప్రవర్తనకి మచ్చ కావచ్చని స్పష్టంగా రాసింది. తల్లి గార్డియన్‌గా కొని బిడ్డకి ఇవ్వడాన్ని ఒక అధికారి ఎలా చూస్తారన్నది లాయరు చెప్పాల్సిన మాట. మీవారి ఆఫీసు లాయరు కంపెనీ మనిషి, కాబట్టి విడిగా మీ డబ్బుతో ఒక ఇమిగ్రేషన్ లాయరుని గంటసేపు కలవండి. డాక్టరు మీ పాప పేరు ఆ రిజిస్ట్రీలో ఎక్కించకముందే కలవండి, తర్వాత కాదు.

ఆ లాయరు ఏమన్నా, నిర్ణయం మీ ఇద్దరిది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా ఈ దారి తొక్కొద్దని కొన్ని కుటుంబాలు అనుకుంటాయి. మన ఇండియా లైను ఎంత పొడుగో తెలుసుగా, పాప చిన్నతనమంతా అందులోనే గడిచిపోవచ్చు. మందులన్నీ అయిపోయాయి, పాప రోజూ పడుతోంది, ఏదైతే అదవుతుంది అని చేరేవాళ్ళూ ఉంటారు. నేను ఆ రెండో పరిస్థితిలో ఉంటే చేరేదాన్నేమో. కానీ మీరింకా అక్కడికి రాలేదు. ఫార్మసీ సీసా సంగతి ఇంకా తేలలేదు.

వేరే రాష్ట్రానికి మారితే అన్న మీ ఆలోచన గురించి ఒక్క మాట చాలు. కొలరాడో వెళ్ళినా ఇల్లినాయిస్ వెళ్ళినా వీసా ఫెడరల్‌దే.

డెన్వర్ సీసా మాత్రం వద్దమ్మా. దీని విషయంలో నేను అటూ ఇటూ మాట్లాడలేను. టెక్సస్‌లో టీహెచ్‌సీ నూనెని ఆకు గంజాయిలా చూడరు, ఇంకా కఠినంగా చూస్తారు. ఒక గ్రాముకంటే తక్కువ దొరికినా ఫెలొనీయే, అంటే పెద్ద నేరమే. పైగా టీహెచ్‌సీ ఎంతుందని కాదు, కలిపిన కొబ్బరినూనెతో సహా మొత్తం బరువు తూస్తారు. చిన్న సీసా అయినా నాలుగు గ్రాములు ఇట్టే దాటుతుంది. నాలుగు దాటితే రెండేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ దాకా జైలు పడగల నేరం. మీ ఫ్రెండు ప్రేమతోనే అంటోంది. రాష్ట్రాల సరిహద్దు దాటించి తెచ్చినందుకు ఆమెకీ ఫెడరల్ కేసు పడొచ్చు. "ఇంక దాని గురించి ఫోన్లో కూడా అనకు" అని ఆమెకి చెప్పండి.

తెనాలి ప్రయాణానికి షాపు సీసా కూడా పెట్టెలో పెట్టొద్దు. ఇక్కడ హెంప్ అని అమ్మిందాన్ని హైదరాబాద్ కస్టమ్స్‌లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కళ్ళతో చూస్తారు, అక్కడ మీ రసీదు పనికిరాదు. ఆలోగా ఎపిడియోలెక్స్ వచ్చేస్తే దాన్ని తీసుకెళ్ళేముందు భారత కాన్సులేట్‌కి మెయిల్ రాసి జవాబు కాగితం మీద పెట్టుకోండి. జవాబు రాకపోతే అక్కడ ఉండే రోజులకి ఏం చెయ్యాలో న్యూరాలజిస్టుతో ముందే అనుకోండి. ఒక్కోసారి ఆ మందుని పెళ్ళి నుంచి తిరిగొచ్చాకే మొదలుపెడదామంటారు. మిగతా మందులు ఫార్మసీ డబ్బాల్లోనే, డాక్టరు ఉత్తరంతో, చేతి సంచీలో పెట్టుకోండి, ప్రయాణానికి కావలసినదానికంటే ఇంకో రెండు వారాలకి సరిపడా ఎక్కువే ఉంచుకోండి. క్లోబజామ్ అక్కడ ఫ్రిజియం పేరుతో దొరుకుతుంది గానీ చీటీ లేకుండా ఇవ్వరు. పెళ్ళింట్లో రాత్రి మేలుకోవడాలు ఉంటాయి. నిద్ర తక్కువైతే ఫిట్స్ పెరుగుతాయి, ముహూర్తం అర్ధరాత్రైతే పాపని అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టేయండి.

షాపు సీసా గురించే ఇంకొకటి. 2025 నవంబరులో అమెరికా కాంగ్రెస్ హెంప్ నిర్వచనాన్ని బాగా బిగించింది. మొత్తం డబ్బాకి టీహెచ్‌సీ 0.4 మి.గ్రా. దాటకూడదని, 2026 నవంబరు నుంచి అమల్లోకి వస్తుందని పెట్టింది. ఇవాళ షాపులో కళ్ళముందున్న నూనె రేపు ఉండకపోవచ్చు. దానిమీద పాప వైద్యం ఆధారపడేలా చేసుకోవద్దు.

అత్తగారి సంగతి. విశాఖ మన్యంలో గంజాయి తోటలు నరికేసిన వార్తలు, లారీల్లో మూటలు పట్టుకున్న వార్తలు రోజూ టీవీలో చూసే మనిషి ఆవిడ. ఆ మాట వినగానే ఆవిడకి గుర్తొచ్చేది మత్తులో చెడిపోయిన కుర్రాళ్ళే. ఆవిడతో వాదించొద్దు. ఎపిడియోలెక్స్ వచ్చాక సీసా చేతికిచ్చి, మీద పాప పేరు, డాక్టరు పేరు ఉన్న లేబుల్ చూపించండి. మత్తునిచ్చేది టీహెచ్‌సీ, ఇందులో వాడేది వేరే పదార్థం అని చెప్పండి. ఆవిడ ఏడ్చింది మనవరాలి మీద ప్రేమతోనే కాబట్టి, మందుతో వచ్చే సిరంజితో కొలవడం ఆవిడకే నేర్పించండి. పొద్దుటి డోసు ఆవిడ చేతులమీదుగా పడితే మీకూ కొంచెం ఊపిరాడుతుంది.

మీవారికి ఎలా చెప్పాలో తెలీడం లేదన్నారు. ఆయన కోప్పడతారు, నిజమే. వీసా భయంతో ఆయన రాత్రులు నిద్రపోవడంలేదని మీరే రాశారు. కానీ షాపులో కొన్నది చట్టం అనుమతించినదే అని, డెన్వర్ సీసా తీసుకోనని మీరు ఇప్పటికే తేల్చుకున్నారని చెప్తే సగం భయం అక్కడే దిగుతుంది. అప్పీలుకి ఆయన సంతకం, ఆయన హెచ్ఆర్, ఆయన ఫోన్ కాల్స్ కావాలి. ఒక్కరే మోయగలిగిన పని కాదు ఇది.

రోజూ రాత్రి ఆయన ఆఫీసు నుంచి రాగానే ఫిట్స్ డైరీ తీసి ఆ రోజు పేజీ చదువుతారని రాశారు. ఇవాళ ఆ పేజీలో, ఎన్నిసార్లు పడిందో రాసే గీత కింద, నూనె మొదలుపెట్టిన తేదీ, ఎంత ఇచ్చారు, టీచర్ ఏమంది అని మూడు వరుసలు రాయండి. సీసా తీసి పక్కన పెట్టి, ఆయన చదివేటప్పుడు మీరూ అక్కడే కూర్చోండి. పొద్దున నర్సుకి ఫోన్ చేసినప్పుడు చదివి చెప్పాల్సింది కూడా ఆ మూడు వరుసలే.